ఒక్క అడుగు వేసి ఆగిపోయే రేబీస్

మెదడులో ఏదో ఒక న్యూరాన్‌ని, అంటే నరాల సెల్‌ని, చూపించి దీనికి సిగ్నల్ పంపేవి ఏవి అని అడిగితే చెప్పడం చాలా కష్టం. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు, ఒక్కోదానికి వేలల్లో కనెక్షన్లు, మామూలు డై ఎక్కిస్తే ఆ న్యూరాన్ ఆకారం కనిపిస్తుంది గానీ చాలా డైలు సినాప్స్ (ఒక న్యూరాన్ ఇంకోదానికి సిగ్నల్ అందించే చోటు) దాటి అవతలికి పోవు.

రేబీస్ వైరస్ మాత్రం పోతుంది. కాటు పడిన చోట నరంలోకి ఎక్కి, సిగ్నల్ వచ్చే దారికి ఎదురు నడుస్తూ ఒక న్యూరాన్ నుంచి దానికి సిగ్నల్ పంపే ఇంకో న్యూరాన్‌లోకి, అక్కడి నుంచి ఇంకోదాంట్లోకి, అలా మెదడు దాకా. దాంట్లో జెల్లీఫిష్‌ నుంచి తీసిన జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రోటీన్ తాలూకు జీన్ పెడితే అది చేరిన న్యూరాన్లన్నీ నీలి లైట్ కింద పచ్చగా మెరుస్తాయి. కానీ అది ఎక్కడా ఆగదు కదా, నేరుగా కనెక్ట్ అయిందేదో మూడు న్యూరాన్ల అవతల ఉందేదో తెలీదు, అన్నీ పచ్చగానే ఉంటాయి.

2007లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇయాన్ వికర్‌షామ్, ఎడ్వర్డ్ కాలవే వాళ్ళ టీమ్ దీన్ని ఆపే దారి కనిపెట్టింది, నాకైతే న్యూరోసైన్స్ మొత్తంలో ఇంత అందమైన ఐడియా ఇంకోటి కనపడలేదు. రేబీస్‌కి ఉండేవే అయిదు జీన్లు. అందులో పైపొర మీద ఉండే జి ప్రోటీన్ తాలూకు జీన్ తీసేసి ఆ ప్లేస్‌లో జీఎఫ్‌పీ పెట్టారు. జి లేకపోతే వైరస్ న్యూరాన్ లోపల కాపీలు చేసుకుంటుంది గానీ పక్కదానికి దాటలేదు. మనం ఎంచుకున్న న్యూరాన్లకి మాత్రం జి జీన్ విడిగా అందిస్తాం, అక్కడ తయారైన జి తొడుక్కుని వైరస్ ఒక్క అడుగు వెనక్కి వేస్తుంది, వెళ్ళిన చోట జి లేదు కాబట్టి ఇక అంతే. మరి మొదట్లో ఎంచుకున్న వాటిలోకే ఎలా దూరుతుంది అంటే, దానికి పక్షుల వైరస్ తాలూకు ఎన్వ్‌ఏ అనే ప్రోటీన్ తొడిగారు, అది పట్టుకునే టీవీఏ రిసెప్టార్ (సెల్ మీద ఉండే తలుపు లాంటి ప్రోటీన్) క్షీరదాల సెల్స్‌లో ఉండదు, అది కూడా మనమే ఇవ్వాలి.

లోపాలు లేవని కాదు. కనెక్షన్లన్నీ మెరవవు, అందుకే మెరవలేదంటే కనెక్షన్ లేదని అర్థం కాదు. పైగా వైరస్ చేరిన న్యూరాన్లు కొన్ని వారాల్లో చాలావరకు చచ్చిపోతాయి. 2018లో ఎల్ అనే జీన్ కూడా తీసేసిన వెర్షన్ వచ్చింది, ఎల్ లేకపోతే కాపీలు తయారవ్వవు, న్యూరాన్ నెలల తరబడి బతుకుతుంది. అయితే కాపీలు లేకపోతే వెలుగు కూడా సరిపోదు కాబట్టి అది క్రీ అనే ఎంజైమ్‌ని మోసుకెళ్తుంది, క్రీ కొంచెమే ఉన్నా ముందే రెడీ చేసిన ఎలుక సెల్స్‌లో మెరిసే జీన్‌ని ఆన్ చేసేస్తుంది.