చెట్టు పాల ఫోమ్: అపోహలు - వాస్తవాలు

గాజువాకలో మా చిన్న యూనిట్‌కి వచ్చేవాళ్లు ఫోమ్ ముక్కని నొక్కి చూసి మొదట అడిగేది ఒకటే: "చెట్టు పాలతోనే కదండీ చేస్తారు, కెమికల్స్ ఉండవుగా?"

ఉంటాయండి. రబ్బరు చెట్టు నుంచి కారిన పాలలో, అంటే లేటెక్స్‌లో, రబ్బరు సుమారు మూడో వంతే. దాన్ని 60 శాతానికి చిక్కబరిచి, పాడవకుండా అమ్మోనియా కలిపి డ్రమ్ముల్లో పంపుతారు. మూత తీయగానే కళ్లు మండేది అందుకే. మేం సబ్బు వేసి గిలక్కొట్టి నురుగు తెప్పిస్తాం. గంధకం, జింక్ ఆక్సైడ్ ముందే కలిపి ఉంటాయి. చివర్లో నురుగుని గడ్డకట్టించే సోడియం సిలికోఫ్లోరైడ్ వేసి, గడ్డకట్టేలోగా మోల్డులో పోసి ఆవిరిలో ఉడికిస్తాం, తర్వాత నీళ్లతో కడుగుతాం. 1929 నాటి డన్‌లప్ కంపెనీ పద్ధతి దాదాపు ఇదే. గంధకం మానేస్తే ఎండకి జిగురు, చలికి బిరుసు. అలాంటి పరుపు ఎవరు కొంటారు?

అపోహ: మొక్కల సరుకు ఎంత ఎక్కువ కలిపితే అంత మంచిది.

నేనూ అలాగే అనుకున్నాను. రైస్ మిల్లు నుంచి ఊక బూడిద తెచ్చి పొడిగానే బకెట్లో వేశాను. బూడిదలో సిలికా ఎక్కువ కదా, ఫిల్లర్‌గా, అంటే రబ్బరులో కలిపే పొడిగా, పనికొస్తుందని. పొడి కాస్తా నీళ్లు లాగేసుకుంది. లేటెక్స్ విరిగిన పాలలా ఉండలు కట్టింది, బకెట్ మొత్తం పారబోశాను. ఇప్పుడు బూడిదని నీళ్లతో బాల్ మిల్లులో (గుండ్లు వేసి తిప్పే డ్రమ్ములో) బాగా నూరాకే కలుపుతాను. అయినా పాళ్లు పెంచేకొద్దీ ఫోమ్ గట్టిపడుతుంది, నొక్కితే తిరిగి లేవడం తగ్గుతుంది. ఆముదంతో చేసిన పొటాషియం సబ్బు మాత్రం నురుగుకి బాగా పనికొస్తుంది.

అపోహ: పాతబడ్డాక మట్టిలో పడేస్తే కలిసిపోతుంది.

పచ్చి రబ్బరుని కొన్ని సూక్ష్మజీవులు మెల్లగా తింటాయి, నిజమే. ఉడికేటప్పుడు గంధకం రబ్బరు పోగుల మధ్య ముడులు వేశాక వాటికి ఆ పని చాలా కష్టం. నన్నడిగితే అసలు చూడాల్సింది ఫోమ్ కడిగిన నీళ్లని. జింక్, ఫ్లోరైడ్ అందులోకే దిగుతాయి. శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే చేరేది మన సముద్రంలోకే. అలా వదిలి "గ్రీన్" లేబుల్ వేసుకోవడం నాకు నచ్చదు.

ఆ కడగడం వల్లే అలర్జీ తెచ్చే ప్రొటీన్లు కూడా చాలావరకు పోతాయి. చాలావరకే. లేటెక్స్ పడనివాళ్లు డాక్టర్ని అడక్కుండా కొనొద్దు.

ఇంకోటి, "లేటెక్స్ పరుపు" అని రాసినంత మాత్రాన అంతా చెట్టుదే అనుకోకండి. పెట్రోలియం నుంచి చేసే సింథటిక్ లేటెక్స్ కూడా కలుపుతారు. సహజ రబ్బరు ఎంత శాతమో బిల్లు మీద రాసివ్వమనండి.