ఋషికుల్య మొగ: ఒకే తీరంలో రెండు గుంపులు

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని రాత్రులు ఇసుకే కదులుతున్నట్టు ఉంటుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకు వేలుగా ఒడ్డెక్కి, వెనక తెడ్డుకాళ్లతో గుంతలు తవ్వి, ఒక్కొక్కటి వందకు అటూఇటూగా గుడ్లు పెట్టి నీళ్లలోకి వెళ్లిపోతాయి. అదే ఒడ్డున పొడంపేట లాంటి పల్లెల్లో తెలుగు మాట్లాడే మత్స్యకారులున్నారు. ఒడియావాళ్లు వాళ్లను నోలియాలంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ తీరం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఊరి పేరు చివర పేట అనే మాట నేటికీ నిలిచి ఉంది.

ఏటా నవంబరు వచ్చిందంటే ఇక్కడ తాబేళ్ల కోసం పెట్టిన చేపలవేట నిషేధం గురించి గొడవ మొదలవుతుంది. దాన్ని తాబేలుకూ మనిషికీ మధ్య పోటీగా చెప్పడం పరిపాటి. నాకు అది పొరపాటుగా తోస్తుంది. అలా ఎందుకు అనుకుంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తాబేలు ఏకాంత జీవి అని శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. తల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, పిల్లల ముఖం చూడదు, మరి అందులో సంఘజీవనం ఎక్కడిది? 1961లో ఆర్చీ కార్, హెరాల్డ్ హర్త్ అనే ఇద్దరు పరిశోధకులు పచ్చ తాబేలు గుడ్లను ఒంటరిగా కొన్ని, జతలుగా కొన్ని, గుంపులుగా కొన్ని ఇసుకలో పాతి చూశారు. ఒంటరి గుడ్డులోంచి వచ్చిన పిల్లల్లో ఎక్కువ భాగం పైకి చేరలేకపోయాయి. తోడున్నవి చాలామటుకు చేరాయి. గూటి పక్కన గాజుపలక పెట్టి లోపలికి చూస్తే అసలు సంగతి తెలిసింది. పైనున్న పిల్లలు ఇసుక కప్పును గీరుతాయి, రాలిన ఇసుకను కిందివి తొక్కి అణుస్తాయి, అడుగున ఉన్నది కదిలితే గుంపంతా కదులుతుంది. గూటి నేల కొద్దికొద్దిగా పైకి లేస్తుంది. ఏ పిల్లకూ పక్కదానికి సాయం చేస్తున్నానన్న ఎరుక ఉండనక్కర్లేదు. అయినా అందరి బతుకూ అందరి కదలిక మీదే ఆధారపడి ఉంది. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను.

పెద్ద తాబేళ్లు కలిసి ఒడ్డెక్కడానికీ ఇలాంటి వివరణే ఉంది. నక్కలు, కుక్కలు, కాకులు ఎన్ని గుడ్లు తిన్నా, ఒక్క వారంలో లక్షల గూళ్లు పడితే వాటికి తినే శక్తి చాలదు. గుంపులో ఉన్నదానికి ప్రమాదం పలచబడుతుంది. 1971లో డబ్ల్యూ.డి. హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త, ప్రతి ప్రాణీ తన ముప్పును మాత్రమే తగ్గించుకోవాలని చూసినా చివరికి మంద ఏర్పడుతుందని లెక్కకట్టి చూపాడు. స్పానిష్‌లో ఈ సామూహిక రాకకు అరిబాడా అని పేరు.

ఒడిశాలో గహిర్‌మథా అరిబాడా 1974లో శాస్త్రలోకానికి తెలిసింది. ఋషికుల్య దగ్గర జరిగేది 1994లో బివాష్ పాండవ్ అనే పరిశోధకుడి వల్ల నమోదైంది. ఈ ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లకు అది కొత్త వార్త కాదు. ఆ దశాబ్దం చివర్లో ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన తాబేళ్లు ఏటా పదివేలకు పైగా ఒడిశా తీరానికి కొట్టుకొచ్చేవి. ఆ కళేబరాల నుంచే నేటి కట్టడి పుట్టింది. 1982 నాటి సముద్ర చేపలవేట చట్టం కింద ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల దాకా ట్రాలర్లకూ మోటారు పడవలకూ నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట లేదు. దీనికితోడు తూర్పు తీరమంతటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం ఉండనే ఉంది. పెద్ద ట్రాలర్‌నూ, చిన్న ఇంజిను బిగించుకున్న ఫైబరు పడవనూ ఒకే గాటన కట్టడం అన్యాయమని నేను నమ్ముతాను.

చట్టం తాబేళ్లను గుంపుగా చూసింది. మత్స్యకారుణ్ణి మాత్రం ఒంటరిగా, దొరికితే జరిమానా కట్టాల్సిన మనిషిగా చూసింది. ఈ చూపుకూ ఒక చరిత్ర ఉంది. ఉమ్మడి వనరును అందరూ పోటీపడి నాశనం చేస్తారని 1968లో గారెట్ హార్డిన్ అనే జీవావరణ శాస్త్రవేత్త రాసిన వ్యాసం ప్రభుత్వాల ఆలోచనలో బలంగా నాటుకుంది. ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా పరిశోధకురాలు ఊరూరా జరిగిన అధ్యయనాలు సేకరించి 1990లో దానికి జవాబిచ్చింది. టర్కీలోని అలన్యాలో మత్స్యకారులు ఏటా చీట్లు వేసుకుని వేటచోట్లు పంచుకునేవారు, రోజుకొక చోటు జరుగుతూ అందరికీ మంచిచోటు అందేలా చూసుకునేవారు. అలాంటి కట్టుబాట్లు నిలుస్తాయని చూపినందుకు 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మన తీరానికి ఇది పరాయి సంగతి కాదు. పట్టిన చేపలో పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. తగువు వస్తే కులపెద్దల ముందు తీర్పు. ఋషికుల్య దగ్గర తాబేళ్ల కాపలాలోనూ ఇదే గుణం కనిపించింది. పురుణబంధ, గోఖర్‌కుదా ఊళ్ల యువకులు పరిశోధకుల వెంట తిరిగి లెక్కింపు నేర్చారు, తర్వాత తామే సంఘం కట్టుకున్నారు. నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు బయటికి వచ్చే రాత్రుల్లో వీధి దీపాలు వాటిని ఊరివైపు లాగుతాయి. దారి తప్పినవాటిని ఏరి, బుట్టల్లో నీటి అంచుదాకా మోసేది ఈ ఊళ్లవాళ్లే. నిషేధం గీతలు ఎక్కడ గీయాలో చర్చించేటప్పుడు వీళ్లకు కూర్చునే చోటు దక్కాలి.

2024లో ఋషికుల్య దగ్గర అరిబాడా రాలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల తాబేళ్లు అదే ఒడ్డు ఎక్కాయి. రెండుసార్లూ నిషేధం మాత్రం నవంబరు 1నే మొదలైంది.