“మా తాత సైకిల్ మీద బస్తాలు మోశాడన్నా”: దూర ప్రయాణాల సామాను గురించి అపోహలు, వాస్తవాలు

చలికాలం వచ్చిందంటే సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కి వచ్చే గేరు సైకిళ్లు ఒడిశాలోని కొరాపుట్‌లో మా సైకిల్ రిపేరు షాపు ముందు ఆగుతుంటాయి. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం కుర్రాళ్లే ఎక్కువ. ఇక్కడి నుంచి కొందరు దేవ్‌మాలి కొండకి, కొందరు జయపురం దిగి గుప్తేశ్వరం గుడికి పోతారు. ఆగినవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే. “అన్నా, వెనక చక్రం ఊగుతోంది, బ్రేకుకి రాసుకుంటోంది.” వంగి చూస్తే చైను వైపు చువ్వ ఒకటో రెండో తెగి ఉంటుంది. పైన క్యారియర్ మీద మూట.

ఇంత బరువెందుకు కట్టావు తమ్ముడూ అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది. “క్యారియర్ 25 కిలోలు మోస్తుందని రాసుంది. మా తాత సైకిల్ మీద ధాన్యం బస్తాలే సంతకి తీసుకెళ్లేవాడు.” ఈ మాట వినని సీజన్ లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: క్యారియర్ ఎంత మోస్తే సైకిల్ అంత మోస్తుంది.

వాస్తవం: ఆ 25 కిలోలు క్యారియర్ కడ్డీల లెక్క. చక్రానికీ ఆ లెక్కకీ సంబంధం లేదు. ఆఖరికి బరువు పడేది చువ్వల మీద. మీ తాతగారి నల్ల సైకిల్ వెనక చక్రానికి 40 చువ్వలుండేవి, ముందు 32. గేర్లు లేవు కాబట్టి రిమ్ము హబ్బుకి (చువ్వలన్నీ వచ్చి కలిసే చక్రం నడిమి భాగానికి) ఇంచుమించు మధ్యలోనే నిలబడేది, రెండు వైపులా చువ్వల బిగువు దాదాపు సమానం. మీ గేరు సైకిల్ వెనక చక్రానికి 32, లేదంటే 36. కుడివైపు ఏడెనిమిది పళ్ల చక్రాలకి చోటివ్వాలి కాబట్టి రిమ్మును కుడికి లాగి కడతారు. దాంతో కుడి చువ్వలు నిటారుగా, చాలా బిగుతుగా ఉంటాయి, ఎడమవి వదులుగా ఉంటాయి. మీ ఒంటి బరువులో సగానికి పైగా ముందే ఆ చక్రం మీద ఉంది. దానికి తోడు ఇంకో 20 కిలోలు కడుతున్నారు.

చక్రం తిరిగిన ప్రతిసారీ నేల వైపు వచ్చిన చువ్వ కాస్త వదులై, పైకి పోగానే మళ్లీ బిగుస్తుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. అంటే కిలోమీటరుకి సుమారు 476 సార్లు, 100 కిలోమీటర్లకి దాదాపు 48 వేల సార్లు. బరువు పెరిగేకొద్దీ ఈ వదులూ బిగువూ పెరుగుతాయి. ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచితే ఎలా తెగుతుందో, చువ్వ కూడా హబ్బు దగ్గర వంపులో అలాగే తెగుతుంది. గుంటలో పడి తెగిందని అందరూ అంటారు. అది అరిగీ అరిగీ ఎప్పుడో సిద్ధంగా ఉంది, గుంట ఆఖరి దెబ్బ వేసింది. ఒకటి తెగాక దాని వంతు పక్కవాటి మీద పడుతుంది, ఆ సాయంత్రానికి రెండోది పోతుంది.

ఇంకో చిక్కుంది. చైను వైపు చువ్వ మార్చాలంటే ఫ్రీవీల్, అంటే ఆ పళ్ల చక్రాల గుత్తి, విప్పాలి. దాన్ని విప్పే రిమూవర్ రోడ్డు పక్క పంచర్ షాపుల్లో సాధారణంగా ఉండదు. పది రూపాయల చువ్వ కోసం రోజు పోతుంది.

మొన్న జనవరిలో ఒక అబ్బాయి పొట్టంగి నుంచి ఆటోలో సైకిల్ వేసుకుని వచ్చాడు. మూడు చువ్వలు పోయాయి. మూట తూకం వేస్తే 21 కిలోలు. రెండు జీన్సులు, అయిదు చొక్కాలు, మందపాటి తువ్వాలు, పెద్ద గొలుసు తాళం, రెండు డబ్బాల జంతికలు, ఒక డబ్బా సున్నుండలు. కొన్ని వెనక్కి పంపేద్దామంటే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. “అమ్మ రాత్రంతా కూర్చుని చేసిందన్నా.” నేనే ఆవిడకి ఫోన్ చేశాను. “దారిలో ఏం దొరుకుతుందో ఏమోనని పెట్టాను బాబూ” అంది. ఆ భయం నాకు అర్థమవుతుంది, మా అమ్మా అంతే. సాలూరులో, పొట్టంగిలో, సిమిలిగుడలో, కొరాపుట్‌లో టిఫిన్లు దొరుకుతాయమ్మా, తెలుగు అర్థం చేసుకునేవాళ్లు అడుగడుగునా ఉన్నారని చెప్పాను. సున్నుండలు ఉంచాం. తొమ్మిది కిలోలు బస్సులో ఇంటికి పార్సిల్ వేశాం.

ఇలాంటి సైకిల్‌కి మొత్తం సామాను 10, 12 కిలోలు దాటనివ్వకండి. ఇది నా అనుభవం మీద చెబుతున్న మాట. బరువైనవి పక్క సంచుల అడుగున, తేలికైనవి పైన. రెండు మూడు కిలోలు ముందు హ్యాండిల్‌కి కట్టండి. వీపుకి తగిలించుకుంటే చక్రానికి బరువు తగ్గుతుందనుకోవద్దు. అది సీటు మీదుగా ఎక్కువగా అదే చక్రం మీదికి వస్తుంది, పైగా నడుము పట్టేస్తుంది. బయల్దేరే ముందు ఒక వైపు చువ్వల్ని గోటితో మీటి చూడండి. అన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. మొద్దుగా మోగినది వదులుగా ఉన్నట్టు, మేస్త్రి చేత సరిచేయించండి. చువ్వలు మూడు నాలుగు తీసుకుని ఫ్రేముకి టేపుతో అంటించండి. కుడి ఎడమల పొడవులో తేడా ఉంటుంది, మీ చక్రానికి కొలిపించి మరీ కొనండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

గాలి తక్కువ ఉంటే పంచర్ పడదని వాట్సాప్‌లో తిరుగుతోంది. శుద్ధ తప్పు. బరువు కట్టినప్పుడు ఇంకాస్త గాలి కావాలి. తక్కువైతే గుంట అంచుకి రిమ్ము కొట్టుకుని, పాము కాటేసినట్టు ట్యూబుకి జంట రంధ్రాలు పడతాయి. చైనుకి కొబ్బరి నూనె వద్దు, చలికి గడ్డకడుతుంది. సంచికి రెయిన్ కవర్ ఉంటే చాలదు, చక్రం చిమ్మే నీళ్లు వెనక నుంచి దూరతాయి, లోపల మందపాటి పాలిథీన్ సంచి వేసి బట్టలు పెట్టండి. ప్యాడ్ నిక్కరు (సీటు ఒత్తుకోకుండా లోపల మెత్త కుట్టిన సైకిల్ నిక్కరు) కింద లోదుస్తు వేస్తే దాని కుట్లు రాసుకుని పుండ్లు పడతాయి. అడగడానికి సిగ్గుపడి రెండో రోజుకి తొక్కలేకపోయిన వాళ్లను చూశాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నీళ్ల విషయంలో మాత్రం పొదుపు వద్దు. ఘాటీలో షాపులు తక్కువ, సాలూరులోనే రెండు లీటర్లు నింపుకోండి. ఉన్ని చేతి తొడుగులు కూడా మానేయకండి. జనవరి పొద్దున మంచులో జయపురం ఘాటీ దిగుతుంటే వేళ్లు కొయ్యబారి బ్రేకు పట్టు దొరకదు. బనీను మీద పాత న్యూస్‌పేపరు ఒకటి పెట్టుకుని చొక్కా వేసుకుంటే ఛాతీకి గాలి కొట్టదు, దాని బరువూ ఏమీ ఉండదు.

ట్యూబు కొనేటప్పుడు వాల్వు, అంటే గాలి కొట్టే మూతి, చూడండి. సన్న వాల్వుకి మామూలు పంపు పట్టదు, చిన్న ఊళ్లలో ఆ ట్యూబు అడిగినా దొరకదు.

బయల్దేరే వారం ముందు, తీసుకెళ్లే సామానంతా కట్టి 30 కిలోమీటర్లు తొక్కి రండి. రాగానే క్యారియర్ బోల్టులు మళ్లీ బిగించండి, చువ్వలు మళ్లీ మీటి చూడండి. కొత్తగా వేసిన చువ్వ ఉంటే అది ఈపాటికి కాస్త వదులై ఉంటుంది.