గేటుకి డబ్బులొచ్చేయి, గేటు దాకా రోడ్డుకి రాలేదు

మా మావయ్యది ఇచ్ఛాపురం పక్కన ఊరు, ముప్పై ఏళ్ల నుంచి లారీయే. గుంటూరు ఎండుమిర్చి లోడుతో బంగ్లాదేశ్ బోర్డర్ పెట్రాపోల్ వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒకటే పాట, "పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటితే రెండ్రోజుల్లో కలకత్తా అల్లుడూ, ఆ మీద ఎనభై కిలోమీటర్లకి ఇరవై రోజులు పట్టీసింది." నేను నమ్మలేదు, అతిగా చెప్తున్నాడనుకున్నా. తర్వాత చూస్తే నిజమే, పెట్రాపోల్ పక్కనుండే బనగాం ఊరి పార్కింగుల్లో లారీలు వారాల తరబడి ఆగిపోడం అప్పట్లో మామూలే.

అసలు కలకత్తా నుంచి పెట్రాపోల్ వెళ్లే జెస్సోర్ రోడ్డు బోర్డర్ కోసం వేసిన రోడ్డే కాదు. తల్లి గంగాస్నానానికి వెళ్లడానికి కాళీ పోద్దార్ అనే జమీందారు వేయించేడని, పక్కన నిద్రగన్నేరు చెట్లు ఆయనే పెట్టించేడని అక్కడోళ్లు చెప్పుకుంటారు. 1947లో ఆ జెస్సోర్ రోడ్డుకి అడ్డంగా గీత పడింది, బనగాం ఇటు ఉండిపోయింది, బెనాపోల్ అటెళ్లిపోయింది. 1971లో శరణార్థులు లక్షల్లో నడిచొచ్చింది కూడా ఈ రోడ్డు మీదే. చాలా ఏళ్లు అక్కడ ఉన్నదేంటంటే కస్టమ్స్ ఆఫీసు, గోడౌన్లు, చెట్ల కింద లారీల వరస, అంతే.

ఈలోగా మన పక్క ఏమయిందో చూడండి. 2000లో సెంట్రల్ రోడ్ ఫండ్ చట్టం వచ్చింది, పెట్రోలు డీజిల్ మీద సెస్సు, దానికి తోడు ప్రపంచ బ్యాంకు, ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) అప్పులు, ఆ డబ్బుతో స్వర్ణ చతుర్భుజి హైవే పథకం కింద మన చెన్నై-కలకత్తా రోడ్డు నాలుగు లైన్లయిపోయింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చేక పురుషోత్తపురంలాంటి అమ్మకం పన్ను చెక్‌పోస్టులూ తీసేసేరు. ఇచ్ఛాపురంలో తగ్గిన క్యూ బనగాంలో తగ్గలేదు.

బంగ్లాదేశ్ అయితే 2001లోనే చట్టం చేసి, రోడ్డు బోర్డర్లలో సరుకు రవాణా చూసుకునే ల్యాండ్ పోర్ట్ అథారిటీ పెట్టుకుంది, 2017లో ప్రపంచ బ్యాంకు దగ్గర 15 కోట్ల డాలర్లు కూడా తీసుకుంది. మన దగ్గర 2003లో కార్యదర్శుల కమిటీ బోర్డర్లలో సౌకర్యాలు లేవని చెప్తే, 13 చోట్ల ఇంటిగ్రేటెడ్ చెక్‌పోస్టులు, అంటే కస్టమ్స్, ఇమిగ్రేషన్ అన్నీ ఒకేచోట ఉండేవి, అనుకుని, 2010లో చట్టం చేసి, 2012 మార్చికి మన ల్యాండ్ పోర్ట్స్ అథారిటీ మొదలుపెట్టేరు. అదే ఏడు పాకిస్తాన్ బోర్డర్లో అట్టారీ తెరిచేరు, పెట్రాపోల్ వంతు 2016. గోడౌన్లు, స్కానర్లు, ఎకరాల కొద్దీ పార్కింగు, నిజంగానే బాగుంటుంది.

కానీ చిక్కెక్కడంటే, చెక్‌పోస్టు గేటు లోపల హోం శాఖ కింది అథారిటీది, గేటు బయట హైవే ఇంకో శాఖది, బయట పార్కింగు అప్పట్లో స్థానికులది, గీత అవతల వేరే దేశం. అథారిటీకి ఆదాయం వచ్చేది లోపలికొచ్చిన లారీ కట్టే చార్జీల మీద, బయట నిలబడ్డ లారీ గోడు వినడానికి ఎవరి బడ్జెట్లోనూ హెడ్డు లేదు. మా మావయ్య ఒక ప్రైవేటు పార్కింగులో రోజు అద్దె కట్టుకుంటూ, లారీ కిందే స్టవ్వు పెట్టి వండుకుంటూ, వాన పడినప్పుడల్లా లేచి టార్పాలిన్ బిగించుకుంటూ కూచున్నాడు. మిర్చికి చెమ్మ తగిలితే పోయేది మరి.

2020లో కరోనాకి బోర్డర్ ఆగిపోయినప్పుడు రైల్వేవాళ్లు గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కి ఎండుమిర్చి పార్సిల్ రైలు వేసేరు, 16 పెట్టెలు, 384 టన్నులు. రోడ్డు మీద టన్నుకి ఏడు వేలయితే రైల్లో 4,608 పడిందని రైల్వే లెక్క. మన పలాస మీదుగానే వెళ్లింది, అప్పటికి మావయ్య లారీ ఇంటి ముందే ఉంది.

ఆ తర్వాత బెంగాల్ ప్రభుత్వం ఆన్‌లైన్ స్లాట్ బుకింగ్ తెచ్చింది, దాంతో పార్కింగు బాధ కొంత తగ్గింది. 2024 అక్టోబరులో మైత్రీ ద్వార్ అని కొత్త కార్గో గేటూ తెరిచేరు. ఆ వీడియో ఫోన్లో చూపిస్తే మావయ్య గేటు వంకే చూళ్లేదు, "రోడ్డు ఎడల్పు చేసేరేటి?" అన్నాడు. ఆ రోడ్డు మీద అయిదు రైల్వే ఓవర్ బ్రిడ్జిల కోసం మూడొందలకి పైగా పాత చెట్లు కొట్టడం మీద కేసు నడిచి, 2023 ఫిబ్రవరిలో గానీ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదని చెప్పేను. "ఆ చెట్లా? వాటి నీడలోనే కదా నేను పడుకున్నది" అన్నాడు.