బాస్ వేటలో మొదటి పనిముట్టు థర్మామీటరు

డాలస్ నగరానికి తూర్పున గంటన్నర ప్రయాణంలో ఉన్న లేక్ ఫోర్క్ జలాశయం పేరు అమెరికాలో గాలం సరదా ఉన్నవారిలో చాలామందికి తెలుసు. సబీన్ నదిలో కలిసే ఒక వాగుకు అడ్డంగా ఆనకట్ట వేసి 1980లో నీరు నిలపడం మొదలుపెట్టినప్పుడు, ముంపులోకి వచ్చే చెట్లను చాలావరకు నరకకుండా వదిలేశారు. జలాశయం నిండకముందే అక్కడి కుంటల్లో ఫ్లోరిడా జాతి బాస్ అనే వేట చేప పిల్లలను వదిలి పెంచారు. పన్నెండేళ్లు తిరిగేసరికి, 1992 జనవరిలో, బారీ సెయింట్ క్లెయిర్ అనే ఆయన క్రాపీ అనే చిన్న చేపల కోసం బతికున్న చిట్టి చేపను గుచ్చి వేసిన గాలానికి 18.18 పౌన్ల బాస్ పడింది. అంటే దాదాపు ఎనిమిదింపావు కిలోలు. మూడు దశాబ్దాలు దాటినా టెక్సాస్‌లో దాన్ని మించిన బాస్ నమోదు కాలేదు. పెట్టెల నిండా కృత్రిమ ఎరలు మోసుకుని బాస్ కోసమే తిరిగేవారికి ఇది కొంత మింగుడుపడని సంగతే. అయితే అదృష్టాన్ని పక్కన పెడితే, ఈ చేప ఏ కాలంలో ఎక్కడ ఉంటుంది, ఎంత చురుగ్గా కదులుతుంది అన్నవి చాలావరకు నీటి ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుంది. ఎర రంగు, వాసన లాంటివన్నీ ఆ తర్వాతి మాట.

ఇక్కడ చెప్పుకుంటున్నది లార్జ్‌మౌత్ బాస్ గురించి. దీని సొంత ఊరు ఉత్తర అమెరికా మంచినీళ్లు. నోరు మూసినప్పుడు పైదవడ చివర కన్ను దాటి వెనక్కి పోయేంత పెద్ద నోరు దీనిది. ఇది వెంటాడి వేటాడడం కంటే మొద్దు పక్కనో, నాచు అంచునో, పడవలు కట్టే చెక్క వంతెన నీడలోనో పొంచి ఉండి మీద పడడానికే ఇష్టపడుతుంది. నోరు ఒక్కసారిగా తెరిచినప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి, చుట్టూ ఉన్న నీటితో పాటు ఎర కూడా లోపలికి లాగబడుతుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో ముగిసిపోతుంది. నచ్చకపోతే అంతే వేగంగా బయటికి ఉమ్మేస్తుంది కూడా. గాలపు కర్రల తయారీలో కనిపించే ఒక విచిత్రానికి కారణం ఇదే: మూడు కొక్కేల గాలాలు వేలాడే, చేప ఆకారపు గట్టి ఎర అయిన క్రాంక్‌బెయిట్‌కు అనుభవజ్ఞులు గట్టి కర్ర కాకుండా మెత్తగా వంగే ఫైబర్‌గ్లాస్ కర్ర వాడతారు. గట్టి కర్ర అయితే చేప ఇంకా నీటిని లోపలికి పీలుస్తుండగానే మనిషి చేతి కుదుపు ఎరను దాని నోట్లోంచి లాగేస్తుంది. మెత్తటి కర్ర ఆ క్షణంలో కాస్త సాగి చేపకు వ్యవధి ఇస్తుంది.

చేప శరీరానికి సొంత వేడి లేదు. నీరు చల్లబడితే అరుగుదల, కదలిక, ఆకలి అన్నీ నెమ్మదిస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో లేక్ ఫోర్క్‌లో బాస్ ఎక్కువ దూరం వెంటాడదు కాబట్టి, సీసం తల ఉన్న జిగ్ లాంటి బరువైన ఎరను పాత వాగు అంచుల వెంట అడుగున మెల్లగా పాకించడం, మధ్యమధ్య కదపకుండా వదిలేయడం చేస్తారు. దీనికి కావలసిందల్లా ఓపిక. ఫిబ్రవరి వచ్చి నీరు పది డిగ్రీల సెల్సియస్ దాటి పైకి పాకుతున్నప్పుడు దృశ్యం మారుతుంది. గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతున్న పెద్ద ఆడ చేపలు లోతు నుంచి గట్ల వైపు కదులుతూ దారిలో నాచు తిప్పల దగ్గర ఆగి మేత మేస్తాయి. ఆ నాచు ముఖ్యంగా హైడ్రిల్లా, అంటే మన పదో తరగతి కిరణజన్య సంయోగక్రియ ప్రయోగంలో గరాటు కింద పెట్టే మొక్కే. ఆసియా నుంచి వెళ్లి అమెరికా జలాశయాల్లో బెడదగా మారింది గానీ, బాస్ వేటగాళ్లు మాత్రం దాన్ని తిట్టుకోరు. లోపల గుళ్లు గలగలలాడే ఎర్రని క్రాంక్‌బెయిట్‌ను ఆ నాచు పైకొసలు తగిలేలా లాగి, చిక్కుకోగానే కర్రను ఒక్క కుదుపుతో ఎగదీస్తారు. నాచులోంచి విడివడి ఎర ముందుకు ఉరికే ఆ క్షణంలోనే బాస్ ఎక్కువగా అందుకుంటుంది. ఎరుపు ఎందుకంటే, క్రేఫిష్ అనే మంచినీటి రొయ్యజాతి జీవుల రంగుకు అది దగ్గరగా ఉంటుందని వారి వివరణ.

ఎర రంగు గురించి వేటగాళ్ల నమ్మకాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఒక ప్రయోగం సంగతి చెప్పాలి. ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో బాస్ కంటిలో రంగును పట్టే కణాలు రెండే రకాలని, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు ఎక్కువగా స్పందిస్తుందని తేలింది. మేత ఆశ చూపి శిక్షణ ఇస్తే చేపలు ఎరుపును, ఆకుపచ్చను ఇతర రంగుల నుంచి బాగానే వేరుచేశాయి. కానీ నిమ్మపండు పసుపుకూ తెలుపుకూ మధ్య, నీలానికీ నలుపుకూ మధ్య తేడా సరిగా పోల్చుకోలేకపోయాయి. నీలం ఎర కొనాలా, నలుపు కొనాలా అని దుకాణంలో తర్జనభర్జన పడడం మనిషి కంటికి సంబంధించిన వ్యవహారమే. పైగా నీరు ఎరుపు కాంతిని త్వరగా పీల్చేస్తుంది. తేరిన నీటిలో లోతుకు వెళ్లేకొద్దీ ఎర్రని ఎర ముదురు బూడిద రంగులోకి మారిపోతుంది. బురద నీటిలో అయితే చూపు కంటే పార్శ్వరేఖ ముఖ్యం. చేప పక్కల వెంట తల నుంచి తోక దాకా సాగే ఈ గీతలోని రోమకణాలు దగ్గరి నీటి కదలికను పసిగడతాయి. తిరిగే రేకులున్న స్పిన్నర్‌బెయిట్ వర్షాల తర్వాత ఎర్రబడిన నీటిలో పనిచేయడానికి కారణం ఆ రేకుల మెరుపు కంటే అవి పుట్టించే కదలికే అనిపిస్తుంది.

నీరు పదహారు డిగ్రీలకు చేరాక లేక్ ఫోర్క్ గట్ల వెంట గూళ్లు కనిపించడం మొదలవుతుంది. మగ చేప మోకాలి లోతు నుంచి నడుము లోతు వరకు ఉండే నీటిలో తోకతో బురదను ఊడ్చి, గులకరాళ్లు తేలేదాకా గిన్నె ఆకారంలో చదును చేస్తుంది. ఆడ చేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఆ తర్వాత మగది ఒక్కటే తోకరెక్కతో గుడ్ల మీద నీరు ఆడిస్తూ, మూకగా వచ్చే బ్లూగిల్ చేపలను తరుముతూ, గుడ్లు పగిలి పిల్లలు ఈదడం మొదలుపెట్టాక కూడా కొన్నాళ్లు కాపలా ఉంటుంది. మన చెరువుల్లో పిల్లల గుంపు వెంట తిరిగే కొర్రమీనును చూసినవారికి ఈ స్వభావం కొత్త కాదు. ఇలాంటప్పుడు గూటిలోకి వచ్చిన ఏ వస్తువునైనా మగ చేప ఆకలితో కాకుండా, బయటికి పారేయాలని నోట పట్టుకుంటుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి మీది నుంచి అడ్డంగా కంపిస్తూ వచ్చే ప్రతిఫలన కాంతి చాలావరకు తగ్గి గూడు, చేప రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. చూసి వేసే గాలం ఇది.

ఇందుకు ఎక్కువగా వాడేది టెక్సాస్ రిగ్. తుపాకీ గుండు ఆకారపు బరువులోంచి దారం తీసి, ప్లాస్టిక్ పురుగు తలలోంచి గాలం గుచ్చి బయటికి లాగి, తిప్పి, మొనను మళ్లీ పురుగు ఒంట్లోనే దాచేస్తారు. మొన బయట లేదు కాబట్టి కొమ్మల్లోకీ నాచులోకీ ఎర నిరాటంకంగా దూరిపోతుంది. చేప నోరు మూసి, మనిషి కర్ర ఎత్తినప్పుడే మొన మెత్తని ప్లాస్టిక్‌ను చీల్చుకుని బయటికి వస్తుంది. ఈ ప్లాస్టిక్ పురుగును 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ తయారుచేశారు. తర్వాత ఆ పరిశ్రమ లేక్ ఫోర్క్‌కు దగ్గరలోనే ఉన్న టైలర్ పట్టణానికి తరలివచ్చింది. మెత్తదనం వల్ల చేప దాన్ని చెక్క ఎర కంటే ఎక్కువసేపు నోట్లో ఉంచుకుంటుంది.

దారం విషయంలో భౌతికశాస్త్రం నేరుగా పనికొస్తుంది. నైలాన్ నీటికంటే కొద్దిగానే బరువు; ఫ్లోరోకార్బన్ నీటికంటే ఒకటిన్నర రెట్లకు పైగా సాంద్రమైనది కాబట్టి మునుగుతుంది; పాలీఎథిలీన్ పోగులతో అల్లిన దారం తేలుతుంది. నీటి పైన చిందులు వేయించే టాప్‌వాటర్ ఎరకు ఫ్లోరోకార్బన్ కడితే దారమే ఎర ముక్కును కిందికి లాగుతుంది. నీటి వక్రీభవన గుణకం 1.33, ఫ్లోరోకార్బన్‌ది దాదాపు 1.42 కాబట్టి నైలాన్ కంటే అది నీటిలో తక్కువగా కనిపిస్తుంది. మాయమైపోతుందన్న ప్రకటనల మాట మాత్రం అతిశయం.

మే నెల తర్వాత జలాశయం పొరలుగా విడిపోతుంది. పైనున్న వేడి నీరు తేలిక, కిందిది చల్లన, బరువు; రెండింటికీ మధ్య ఉష్ణోగ్రత చటుక్కున పడిపోయే పొరను థర్మోక్లైన్ అంటారు. నాలుగు, ఐదు డిగ్రీల నీళ్ల మధ్య సాంద్రతలో తేడా అత్యల్పం. ఇరవై తొమ్మిది, ముప్పై డిగ్రీల నీళ్ల మధ్య తేడా దానికి ఎన్నో రెట్లు. అందుకే దక్షిణాది జలాశయాల్లో పొరల మధ్య కొద్ది డిగ్రీల తేడా ఉన్నా గాలి వాటిని కలపలేదు. కింది పొరలో కుళ్లే ఆకులు, నాచు ఆక్సిజన్‌ను హరించేస్తాయి. పైనుంచి కొత్తది దిగదు. కాబట్టి వేసవిలో చేపలు చల్లదనం కోసం అట్టడుగుకు పోతాయని అనుకోవడం పొరపాటు. అవి థర్మోక్లైన్‌కు కాస్త పైన, మునిగిపోయిన పాత రోడ్డు గట్లు, వాగు మలుపుల దగ్గర ఉంటాయి. శబ్ద తరంగాలతో నీటి లోపలిని చూపే సోనార్ తెర పడవలో ఉంటే, దాని మీద ఆ పొర మసక గీతలా కనిపిస్తుంది. ఆ పొర కింద ఎర దింపడం వృథా శ్రమ. పొడవైన మూతిరేకు ఉన్న క్రాంక్‌బెయిట్ లోతుకు దిగి గట్టుకు తగులుతూ పోవడం, బరువుకు వెనుక మూరెడు దారం విడిచి పురుగును తేలించే కరొలైనా రిగ్ ఈ కాలపు పద్ధతులు. తెల్లవారుజామున మాత్రం కలువాకుల మీద రబ్బరు కప్పను గెంతించేవారికి మంచి కాలం.

శరదృతువులో పై నీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. పొరలు కలిసిపోతాయి. ఆ కొన్ని రోజులు నీరు మడ్డిగా మారి వేట సరిగా సాగదు; తర్వాత షాడ్ అనే చిరు చేపల గుంపులు వాగు మొదళ్లలోకి వెళ్తే బాస్ వాటి వెంటే వెళ్తుంది, వేటగాడూ అంతే.

గూటి మీది చేపను పట్టడం సబబేనా అన్న వాదన అమెరికాలో పాతదే. ఇలినాయ్‌లోని రిడ్జ్ లేక్‌లో జరిగిన దీర్ఘకాలిక పరిశోధన ఈ వాదనకు కొత్త కోణం ఇచ్చింది. అక్కడ పట్టిన ప్రతి బాస్‌కూ గుర్తు వేసి వదిలి, చివరికి నీరంతా తీసేసి లెక్క చూస్తే కొన్ని చేపలు మళ్లీ మళ్లీ గాలానికి పడ్డాయి, కొన్ని ఒక్కసారీ పడలేదు. ఆ రెండు రకాలనూ వేరువేరుగా సంతానం పొందించి మూడు తరాలు పరీక్షించగా, గాలానికి లొంగే గుణం పాక్షికంగా వంశపారంపర్యమని 2009లో ప్రకటించారు. తర్వాతి పరిశీలనలో, సులువుగా దొరికే వంశంలోని మగ చేపలే గూటిని ఎక్కువ పట్టుదలగా కాపాడుతున్నాయని తేలింది. అంటే గాలం ముందుగా తీసుకుపోయేది మంచి తండ్రులను.

లేక్ ఫోర్క్‌లో 16 అంగుళాలకూ 24 అంగుళాలకూ మధ్య పొడవున్న బాస్‌ను తప్పనిసరిగా వదిలేయాలన్న నిబంధన పెద్ద చేపలను నిలబెట్టింది గానీ, గూటి నుంచి తీసిన చేప తిరిగి వచ్చేలోగా గుడ్లకు ఏమవుతుందో ఏ కొలబద్దా చెప్పదు. బ్లూగిల్ గుంపు కొద్ది నిమిషాల్లోనే గూడు ఖాళీ చేయగలదు. వసంతంలో గూటి దగ్గర గాలం వేయక తప్పదనుకునేవారు గట్టి దారంతో పోరాటాన్ని త్వరగా ముగించి, తడి చేతులతో గాలం తీసి, ఫోటోల కోసం పడవలోని నీళ్ల తొట్టిలో ఉంచకుండా, పట్టిన చోటనే వెంటనే వదలడం మేలు.