నెమలి పెట్ట గుడ్డెక్కడ పెట్టాలి?

మబ్బు పట్టిందంటే కేబీఆర్ పార్కులో వాకర్ల ఫోన్లన్నీ ఒకే వైపు తిరుగుతాయి. పోతు నెమలి పురి విప్పి ఉంటుంది. పక్కనే గింజలేరుకుంటున్న మట్టిరంగు పెట్టను ఎవరూ పట్టించుకోరు. హైదరాబాదులో నెమళ్లు ఉంటాయా పోతాయా అన్నది తేలేది మాత్రం ఆ పెట్ట దగ్గరే.

ఫెజెంట్ల కుటుంబం నెమలిది. అడవికోడి, కౌజుపిట్ట దీని చుట్టాలే. మనం తోక అనుకునేది తోక కాదు. తోకను పైనుంచి కప్పే ఈకలే, 150కి పైగా, అంత పొడవు పెరుగుతాయి. అసలు తోక వాటి వెనకున్న 20 పొట్టి ఈకలు. విప్పిన పురికి ఆసరా అదే. పిల్లలు పుస్తకంలో దాచుకునే నెమలీకను ఓసారి దీపానికి అడ్డంగా పట్టి చూడండి, నీలమంతా పోయి గోధుమరంగు తేలుతుంది. ఈకలో నీలం రంగు పదార్థమే లేదు. ఉన్నది మెలనిన్, మన జుట్టుకు నలుపునిచ్చేదే. దాని అతిసన్నటి కడ్డీలు జాలీలా పేర్చి ఉంటాయి. కడ్డీల మధ్య ఎడం కొద్దిగా మారితే చాలు, తిరిగొచ్చే రంగు మారిపోతుంది. చైనా శాస్త్రవేత్తలు 2003లో దీన్ని లెక్కగట్టి చూపించారు. ఈ ఈకను చూస్తేనే కడుపులో తిప్పుతోందని 1860లో డార్విన్ మిత్రుడికి ఉత్తరం రాశాడు. బతకడానికి అక్కరకు రాని ఇంత హంగు దేనికి? పెట్ట మెచ్చుతుంది కనుక అని 1871లో తనే జవాబు చెప్పుకున్నాడు.

జతకట్టాక పోతుకు సంసారంతో పనిలేదు. పెట్ట ఒక్కతే పొద కింద నేల గీరి 4 నుంచి 8 గుడ్లు పెట్టి, 28 రోజులు పొదుగుతుంది. మామూలుగా రాత్రిళ్లు చెట్టెక్కి పడుకునే పక్షి, ఆ నెలంతా నేలను అంటిపెట్టుకోవాల్సిందే. ముంగిస, పిల్లి, వీధికుక్క... అడ్డం ఉండేది ఓ సీతాఫలం తుప్పో, పరికి కంపో, బండల సందో.

1963లో జాతీయ పక్షి అయింది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. దేశం మొత్తం మీద నెమలికి వచ్చిన ముప్పేమీ లేదు, చేను పాడుచేస్తోందని రైతులు మొత్తుకునే చోట్లూ ఉన్నాయి. నగరంలో సంగతి వేరు. నెమలిని ఎవరూ ముట్టుకోరు, తుప్పలు కొట్టేసి లాన్ వేస్తారు, అంతే. 2025లో హైదరాబాద్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో చెట్లూ తుప్పలూ కొట్టేస్తుంటే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికే చాలా నేల చదునైపోయింది. అలాంటి చోట మొక్కలు నాటితే ఫొటోకు బాగుంటుంది కానీ, వాటి కింద గుబురు లేకపోతే పెట్టకు ఒరిగేదేమీ లేదు.

క్యాంపస్‌లలో, గేటెడ్ కాలనీల్లో తోట చూసేవాళ్లు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఓ మూలకు కొడవలి పెట్టకుండా, కుక్కలు దూరకుండా చూస్తే మేలు. చిందరవందరగా కనిపిస్తుందని అసోసియేషన్ మీటింగులో ఎవరో ఒకరు లేస్తారు. లేవనివ్వండి.