నల్లరంగు వాడకుండా వచ్చిన నలుపు

దక్షిణ ఇటలీలో దొరికిన గ్రీకు కుండల ఫోటోలు చూసి ఒక పాఠకురాలు అడిగారు: 2,300 ఏళ్లు దాటినా వాటి మీది నల్లరంగు ఎందుకు వెలిసిపోలేదు?

అది రంగు కాదు కాబట్టి. నీళ్లలో కలిపి తేర్చిన అతి సన్నని బంకమట్టి అది. చిత్రకారుడు బొమ్మలను ఖాళీగా వదిలి, చుట్టూ ఆ మట్టినే పూసేవాడు. నలుపూ ఎరుపూ ఆవంలో పుట్టేవి.

మొదట గాలి ధారాళంగా వెళ్లనిస్తే మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి హెమటైట్ అనే ఎర్రని ఐరన్ ఆక్సైడ్ అవుతుంది. కుండంతా ఎరుపు. తర్వాత గాలిదారులు మూసి పచ్చికట్టెలు వేస్తారు. వేడి 900 డిగ్రీల ప్రాంతానికి చేరుతుంది. ఆక్సిజన్ చాలక పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ హెమటైట్ నుంచే ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. మిగిలేది మాగ్నటైట్ అనే నల్లని ఐరన్ ఆక్సైడ్. కుండంతా నలుపు! ఇదే సమయంలో పొటాషియం ఎక్కువున్న ఆ సన్నని పూత కరిగి గాజులా బిగుస్తుంది. చివరికి గాలిదారులు మళ్లీ తెరుస్తారు. గుల్లగా ఉన్న కుండమట్టిలోకి ఆక్సిజన్ దూరి దాన్ని తిరిగి ఎర్రబరుస్తుంది. గాజుకట్టిన పూతలోకి మాత్రం దూరలేదు. నలుపు లోపలే బందీ. ఎంత అద్భుతమైన ఆలోచన!

వేడి చాలకపోతే పూత బిగవదు, నలుపు నిలవదు. మరీ ఎక్కువైతే కుండ వంకరపోతుంది. థర్మామీటర్ లేని రోజుల్లో ఎంత టెన్షనో! ఒక పాత గ్రీకు పాటలో ఆవంలో కుండల్ని పగలగొట్టే భూతాలకు తలా ఒక పేరుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఆక్సీకరణం, క్షయకరణం బోర్డు మీది సమీకరణాలతో కాక ఈ ఆవంతో మొదలుపెడితే పిల్లలు జన్మలో మరచిపోరు.

ఏథెన్స్‌లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి క్రీ.పూ. 5వ శతాబ్దం ద్వితీయార్ధంలో దక్షిణ ఇటలీలో వేళ్లూనింది. అక్కడి పేస్టమ్ నగరంలో ఆస్టియాస్ అనే చిత్రకారుడు తన కుండల మీద సంతకం చేశాడు. ఇటలీ ఆగ్నేయ ప్రాంతమైన అపులియా వాళ్లు భారీ కుండల వైపు వెళ్లారు. 1851లో అపులియాలోని కనోసాలో దొరికి ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్న, పర్షియా రాజు డేరియస్ బొమ్మ గల డేరియస్ కుండ ఎత్తు సుమారు 1.3 మీటర్లు. సమాధుల కోసమే చేసిన కొన్ని కుండలకు అడుగుభాగమే ఉండదు.

అపులియా వాళ్లకు రెండు రంగులు చాలలేదు. నలుపు మీద తెలుపు, పసుపు దిద్దారు. ఆ రంగులు గాజుకట్టవు, పైపైన అతుక్కుని ఉంటాయంతే. అందుకే కొన్ని కుండల మీద స్త్రీల తెల్లని ముఖాలు రాలిపోయి, కింది నలుపు బయటపడింది.